బిందె నిండేదాకా

ప్రతి జనవరిలో మా కళాశాల జాతీయ సేవా పథకం శిబిరం ముగిసిన వారానికి నా బల్ల మీదికి యాభై దినచర్య పుస్తకాలు చేరతాయి. ఏడు రోజులు ఒక ఊళ్లో ఉండి వచ్చిన పిల్లలు తాము చేసిన పనినీ చూసినవాటినీ నేర్చుకున్నదాన్నీ వాటిలో రాయాలి. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మా సిరొంచ తాలూకా పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో మరాఠీ చదువుకుంటారు కాబట్టి ఆ పుస్తకాలన్నీ మరాఠీలోనే ఉంటాయి. చివరి పుటలో మాత్రం ఏటా దాదాపు అందరూ ఒకే మాట రాస్తారు: "మాకు ఎంత ఉందో ఇప్పుడు తెలిసింది, చిన్న చిన్న వాటి విలువ అర్థమైంది." పదకొండేళ్లుగా ఆ మాట కింద నేను సంతకం చేస్తూ వచ్చాను.

2024 జనవరి శిబిరం తరువాత ఒక అమ్మాయి పుస్తకంలో ఆ వాక్యం కనిపించలేదు. దాని చోట ఇలా ఉంది: "మా ఇల్లు కూడా ఇలాగే ఉంటుంది. మేమూ బోరింగు దగ్గరే నీళ్లు పట్టుకుంటాం, మా అమ్మ కూడా కట్టెల పొయ్యి మీదే వండుతుంది. మిగతావాళ్లు ఇక్కడికి వచ్చి నేర్చుకున్నది నేను ఎక్కడికి వెళ్లి నేర్చుకోవాలో సార్ చెప్పాలి."

ఆ అమ్మాయి స్వభావం నాకు తెలుసు. పొగరుతో రాసే పిల్ల కాదు, నిజంగానే అడిగింది. ఆమె పుస్తకం మీద నేను సంతకం చేయలేకపోయాను. సేవ మనిషికి మామూలు వస్తువుల విలువ నేర్పుతుందన్న మాటను నేను ఇప్పటికీ నమ్ముతాను, కానీ అది ఏ దారిన నేర్పుతుందన్న విషయంలో ఇన్నాళ్లూ పొరబడ్డానని ఆ మూడు వాక్యాలు చదివాకనే తోచింది. ఇతరుల లేమిని చూసి మన కలిమిని లెక్కపెట్టుకోవడం వల్ల వచ్చే విలువ ఒకటి, ఒక వస్తువు వెనుక ఉన్న పనిలో మన చేయి పెట్టడం వల్ల వచ్చే విలువ మరొకటి. మొదటిదాన్ని నేర్చుకోవడానికి ఆ అమ్మాయికి మా శిబిరంలో చోటు లేదు. రెండోదానికైతే మా అందరి కంటే ముందు వరుసలో ఉండవలసింది ఆమే.

పక్కవారి లేమి

పోల్చి చూసుకోవడంలో నాకు కనిపిస్తున్న మొదటి చిక్కు ఏమిటంటే, మనకు ఆ పాఠం అందాలంటే ఎదుట ఎవరో ఒకరికి ఆ వస్తువు లేకుండా ఉండాలి. వచ్చే ఏడాదికి ఆ ఊరి ఇళ్లలోకి కుళాయిలు వస్తే మా పిల్లలకు పాఠం పోతుంది, అప్పుడు కుళాయి లేని ఇంకో ఊరిని వెతుక్కోవాలి. ఎవరి మేలు కోసం వెళ్తున్నామో వారికి ఆ మేలు జరగకుండా ఉంటేనే నిలిచే చదువును సేవ అని పిలవడానికి నాకు మనసు ఒప్పడం లేదు.

రెండో చిక్కు అంతకంటే నొప్పి కలిగించేది. అదే శిబిరంలో మూడో రోజు సాయంత్రం ఒక విద్యార్థిని, బాగా చదివే, మంచి మనసున్న పిల్ల, ఒక ముసలమ్మ వాకిట్లో కూర్చుని, "మీ బతుకు ఎంత ప్రశాంతంగా ఉంది పెద్దవ్వా, ఏ హడావుడీ లేదు" అంది. ఆమె చేటలో కందులు చెరుగుతూ, తల ఎత్తకుండానే, "మంచిగనే ఉంటది బిడ్డా, నువ్వు ఏడు దినాలకు వొయ్యేదానివి. నాకు ఈ మోకాళ్లతోని మళ్ల ఎండాకాలం రావట్టె" అని చెప్పింది. ఆ మాటలో కోపం లేదు, అందుకే అది మా అందరికీ మరింత లోతుగా తగిలింది. తక్కువతో సరిపెట్టుకోవడం ఎంచుకున్నవారి విషయంలో నిరాడంబరత అనిపించుకుంటుంది, వేరే దారి లేనివారి విషయంలో దానికి ఆ పేరు పెట్టడం అన్యాయం. ఎండాకాలం తునికాకు కోతకు అడవిలోకీ, ఆ తరువాతి పంటకాలంలో మిరపకాయ ఏరడానికి గోదావరి దాటి తెలంగాణ చేలకూ పోయే కుటుంబాల ముందు నిలబడి ప్రశాంతత గురించి మాట్లాడకూడదు.

అయినా ఈ వాదాన్ని నేను చివరిదాకా లాగలేను. విద్యార్థిగా నేను వెళ్లిన మొదటి శిబిరంలో, ఒక ఇంట్లో మా నలుగురికి అన్నం వడ్డించి ఆ ఇంటి పిల్లలు జొన్నల జావలాంటి గటక తాగడం చూసినప్పుడు, నాకు కలిగింది కూడా ఆ పోలికే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ పోలిక కలగకపోతే ఈ పనిలోకి నేను వచ్చేవాణ్ణే కాదు. కాబట్టి పోలికను తప్పు అనలేను. అది గడపదాకా తీసుకువస్తుంది. అక్కడే నిలబడి, లోపలికి వచ్చామనుకోవడమే మా పొరపాటు.

బోరింగు విప్పిన రోజు

ఆ ఏడాది మేము వెళ్లిన ఊరు ప్రాణహిత ఒడ్డున ఉంది. కుళాయి గొట్టాలు వీధిలోకి వచ్చాయి కానీ నీళ్లు ఇంకా రాలేదు. రెండు బోరింగుల్లో ఒకటి పూర్తిగా పాడైంది, రెండోది కొట్టగా కొట్టగా సన్నని ధార ఇచ్చేది. శిబిరానికి మొదట అనుకున్న పనులు వీధులు ఊడవడం, అవగాహన ఊరేగింపు, బడి గోడకు సున్నం. మొదటి రోజు గ్రామసభలో ఆడవాళ్లు మా పట్టిక అంతా విని, "బోరింగు చేయిస్తరా?" అని ఒక్క మాట అడిగారు. పంచాయతీ సమితి నుంచి మిస్త్రీ రావడానికి రెండు రోజులు పట్టింది, ఆయన వచ్చేలోపు మేము ఊడ్చిన వీధులు మళ్లీ మామూలయ్యాయి.

మన ఊళ్లలో ఎక్కువగా కనిపించే ఇండియా మార్క్-2 చేతిపంపుకు మూలం మన రాష్ట్రంలోనే, షోలాపూర్‌లో తయారైన ఒక పంపు. 1970లలో యునిసెఫ్ తోడ్పాటుతో దాన్ని మెరుగుపరిచి దేశమంతా పాతారు. చాలా గట్టి యంత్రం. దానికి ఉన్న ఒక్క పెద్ద ఇబ్బంది ఏమిటంటే, అడుగున సిలిండరులో ఉండే వాషరు అరిగితే, అరచేతిలో పట్టే ఆ చిన్న బిళ్లను మార్చడం కోసం పైనున్న సమస్తాన్నీ బయటికి తీయాలి. మూడేసి మీటర్ల ఇనుప గొట్టాలు, వాటి లోపల అంతే పొడవున్న కడ్డీలు. ఒక గొట్టాన్ని పైకి లాగి, క్లాంపుతో బిగించి, మర విప్పి, లోపలి కడ్డీ విడదీసి, పక్కన పేర్చి, మళ్లీ తరువాతి గొట్టం. చేయి జారితే మిగిలినదంతా బోరులోకి పోతుంది, దాన్ని తిరిగి పైకి తీయడం చాలా కష్టం. ఆ రోజు మేము పన్నెండు గొట్టాలు తీశాం.

అంతకుముందు ఒక పని చేయించాను. అది ఎందుకు తోచిందో నాకు ఇప్పటికీ తెలియదు. బిందె నిండడానికి ఎన్నిసార్లు కొట్టాలో లెక్కపెట్టమన్నాను. బాగున్న పంపు నలభై సార్లకు పదిహేను లీటర్ల దాకా ఇవ్వాలి, అంటే సుమారు ఒక బిందె. ఆ బోరింగుకు నూటపది పట్టింది. అదీ నీళ్లు పైకి వచ్చాక. రాత్రంతా ఊరకే ఉన్న ఆ అరిగిన పంపులో నీళ్లు కిందికి దిగిపోతాయి కాబట్టి, తెల్లవారి మొదట వచ్చిన మనిషి ధార పడటానికే ఇంకో ముప్పై నలభై సార్లు ఉత్తి కొట్టుడు కొట్టాలి. అందుకని ఆ ఊళ్లో ఎవరూ మొదట రావడానికి ఇష్టపడరని, వంతులు వేసుకున్నారని అప్పుడు తెలిసింది. గ్రామీణ నీటి సరఫరాలో చాలాకాలం నడిచిన లెక్క మనిషికి రోజుకు 40 లీటర్లు, 250 మందికి ఒక చేతిపంపు. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ దాన్ని 55 లీటర్లు చేసింది. పాత లెక్కే తీసుకున్నా అయిదుగురున్న ఇంటికి 200 లీటర్లు, అంటే పదమూడు బిందెల పైచిలుకు. బాగున్న పంపు మీద అది 530 సార్లు కొట్టే పని, ఆ పంపు మీద దాదాపు 1,470 సార్లు. బోరింగు గద్దె మీద బొగ్గుతో ఈ లెక్క వేసింది, దినచర్యలో నన్ను ప్రశ్న అడిగిన ఆ అమ్మాయే. కూడిక గుణకారాలు ముగించి, "అందుకే ఎవ్వరూ పదమూడు బిందెలు పట్టరు సార్, ఆరు పడతారు" అంది. ఏ గణాంకాల పుస్తకంలోనూ నేను చదవని మాట అది. తక్కువ నీళ్లతో గడుపుకోవడాన్ని మా మిగతా పిల్లలు పొదుపు అని రాసుకున్నారు, ఆమెకు అది అరిగిపోయిన వాషరు అని తెలుసు.

మధ్యాహ్నం రెండు దాటాక సిలిండరు బయటపడింది. మిస్త్రీ దాన్ని విప్పి, లోపలి వాషర్లను మా చేతుల్లో పెట్టాడు. అంచులు అరిగి, పాత చెప్పు అడుగులా పలచబడ్డాయి. కొత్తవి వేసి, మళ్లీ పన్నెండు గొట్టాలూ దించి, గొలుసు తగిలించి, తల బిగించేసరికి పొద్దు వాలింది. మొదటి ధార తుప్పు రంగులో వచ్చింది, తరువాత తెల్లబడింది. అప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పొద్దుటి నుంచి నీళ్లు లేని ఊరు కాబట్టి ఆడవాళ్లు వెంటనే బిందెలు వరుసలో పెట్టారు. మా పిల్లలు గొంతులు ఎండిపోయి ఉన్నా పక్కకు తప్పుకుని తమ వంతు కోసం నిలబడ్డారు. ఎవరూ వారికి చెప్పలేదు.

నీటి విలువ తెలియడం అంటే నాకు ఆ రోజు నుంచి ఇదీ: దారిన పోతూ బోరింగు చప్పుడు విన్నప్పుడు అది నిండుగా పలుకుతోందా, ఉత్తిగా పలుకుతోందా అని చెవి దానంతట అదే పట్టుకుంటుంది. ఇది కృతజ్ఞత కంటే తక్కువ ఆర్భాటంగా ఉంటుంది, కానీ ఎక్కువకాలం నిలుస్తుంది. ఇంట్లో కుళాయి తిప్పినప్పుడు నాకు పేదవారు గుర్తుకు రారు, ఆ తోలు బిళ్లలు గుర్తుకు వస్తాయి. ఏదో ఒకటి అరుగుతూ ఉంటే తప్ప ఈ నీరు ఇక్కడికి రాదని చేతికి తెలుసు.

గంజేది కొడుకా

ఇదే పాఠం నాకు అంతకు ముందే ఒకసారి ఎదురైంది, అప్పుడు దాన్ని గుర్తించలేదు. 2022 జులై రెండో వారంలో గోదావరీ ప్రాణహితా కలిసి పొంగినప్పటి సంగతి. ఆ నీరే దిగువకు పోయి జులై 16న భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు చేరింది. మా తాలూకాలో ఒడ్డు ఊళ్లవాళ్లు బడుల్లో, మెరక మీద ఉన్న చుట్టాల ఇళ్లలో తలదాచుకున్నారు. మేము కొందరు ఉపాధ్యాయులం, పాత విద్యార్థులం చందాలు వేసుకుని బియ్యం, పప్పు, నూనె సంచులు కట్టి తీసుకువెళ్లాం. నాలుగో ఇంటి దగ్గర ఒక నడివయసు ఆమె సంచి అందుకుని, "బియ్యం ఇచ్చిండ్రు, మంచిదే. గంజేది కొడుకా? దేంట్ల వండాలె?" అంది. ఆమె గంజులు, అంటే వంటపాత్రలన్నీ నీళ్లలో పోయాయి. అగ్గిపెట్టె తడిసింది. ఎండు కట్టె ఊళ్లో ఎక్కడా లేదు. మేము తెచ్చిన బియ్యం, పొయ్యి ఉన్న ఇంటిని ఊహించుకుని కట్టిన సంచి.

ఆ తరువాతి రెండు రోజులు మేము గంజులు, మూతలు, గరిటెలు, అగ్గిపెట్టెలు, ఉప్పు పోగుచేశాం. బయటి పట్టణాల నుంచి పాతబట్టల మూటలు వస్తూనే ఉన్నాయి, వాటిని విప్పి చూసేవారు తక్కువ. ఒక పెద్దాయన వచ్చి, బట్టలు వద్దని, తడిసిన కాగితాలు ఆరబెట్టడానికి ఫ్యాను తిరిగే గది ఉంటే చూపించమని అడిగాడు. ఆయన చేతిలో రేషను కార్డు, ఆధారు, పొలం హక్కు చూపే సాత్‌బారా కాగితం ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. మేము బడి కార్యాలయ గదిలో తాడు కట్టి, బట్టల క్లిప్పులతో ఊరందరి కాగితాలూ వేలాడదీశాం. ఆ వారంలో మేము చేసినవాటిలో అన్నిటికంటే పనికివచ్చినది బహుశా ఆ తాడే.

మూత లేని గంజులో అన్నం ఉడకడానికి ఎంతసేపు పడుతుందో, తడికట్టె పొగకు కళ్లు ఎంత మండుతాయో వరదలో అందరికీ తెలుసు, మాకు తప్ప. విలువ తెలియనిది మాకే అన్నది నిజం. కానీ అది మా దగ్గర ఎక్కువ ఉండటం వల్ల కాదు, మా ఇళ్లలో ఆ పని వేరొకరు చేస్తూ ఉండటం వల్ల. ఇక్కడ నేను నా ఇంటి సంగతే చెబుతున్నాను. ముప్పై ఏళ్లు అమ్మ చేతివంట, ఆ తరువాత భార్య చేతివంట తిన్న నాకు, మూత ఒక వస్తువు అని తెలియడానికి గోదావరి పొంగవలసి వచ్చింది.

వరోరా నుంచి హేమల్కస దాకా

ఈ ఆలోచనకు మా ప్రాంతంలో పెద్ద ఆధారం ఉంది. సంఘసేవకుడు బాబా ఆమ్టే వరోరా పురపాలక సంఘంలో ఉపాధ్యక్షుడిగా ఉన్న రోజుల్లో, పారిశుద్ధ్య పనివారితో కలిసి మలం తట్టలు నెత్తిన మోశారు. అలాంటి మనిషి కూడా, ఒక రాత్రి దారి పక్కన కుష్ఠు ముదిరిన రోగిని చూసి భయపడి వెళ్లిపోయి, ఆ భయానికి సిగ్గుపడి తిరిగివచ్చారు. ఒక పనిలో చేయి పెట్టినంత మాత్రాన అన్ని పనులకూ మనసు సిద్ధం కాదని ఆ సంఘటన నాకు చెబుతుంది. 1949లో ఆయన మొదలుపెట్టిన ఆనందవనంలో రోగులు తమ చేతులతోనే నేల సాగు చేసి, ఇళ్లు కట్టుకుని, పనులు నేర్చుకున్నారు. దానం మనిషిని చెరుపుతుంది, పని నిలబెడుతుంది అన్నది అక్కడి మూలసూత్రం. ఆ సూత్రాన్ని మనం సాధారణంగా పుచ్చుకునేవారికి వర్తింపజేస్తాం. ఇచ్చేవారికి అది ఇంకా ఎక్కువ వర్తిస్తుందని నా నమ్మకం.

ఆయన కుమారుడు, వైద్యుడైన ప్రకాశ్ ఆమ్టే 1973లో మా జిల్లా భామ్రాగడ్ అడవుల్లో, హేమల్కసలో పని ఆరంభించారు. మాడియా గోండులకు ఒంటి నిండా బట్ట లేని రోజులవి. ఆయన ప్యాంటు చొక్కా వదిలి బనియను, నిక్కరుకు మారి, అలాగే ఉండిపోయారు. ఇక్కడ నాకు ముఖ్యమనిపించేది, ఆ మార్పు తనకు తాను ఏదో నేర్చుకోవడానికి చేసినది కాకపోవడం. వైద్యుడికీ రోగికీ మధ్య దూరం తగ్గాలని చేసినది. అది ఏడు రోజులతో ముగియలేదు. మా పిల్లలు శిబిరంలో నేల మీద పడుకుని, ఎనిమిదో రోజు మంచం ఎక్కి, మంచం విలువ తెలిసిందని రాస్తారు. అది అబద్ధం కాదు, కానీ ఆ రెండింటికీ ఒకే పేరు పెట్టడానికి నేను ఇప్పుడు జంకుతున్నాను.

మిస్త్రీ లెక్క

మా కళాశాలలో అర్థశాస్త్రం చెప్పే మిత్రుడు ఒకరు ఈ వ్యాసం తొలి ప్రతి చదివి అడిగిన ప్రశ్నను దాటవేయలేను. యాభై మంది పిల్లలు ఏడు రోజులు తినే తిండి ఖర్చుతో ఆ మిస్త్రీ చేత ఎన్ని బోరింగులు బాగుచేయించవచ్చు అన్నారాయన. నేను మిస్త్రీనే అడిగాను. అలవాటున్న ముగ్గురు మనుషులు తోడుంటే ఆ పని మధ్యాహ్నానికి ముందే అయిపోయేదని, నేర్పుతూ చేయించడం వల్ల పొద్దుగూకిందని ఆయన చెప్పాడు. అంటే ఆ ఊరి ఆడవాళ్లు మా చదువు కోసం ఒక పూట నీళ్లు లేకుండా ఆగారు. ఇది నాకు ఆ రోజు తట్టలేదు. మేము సేవ చేశామనుకున్న రోజున నిజానికి ఆ ఊరు మాకు అప్పిచ్చింది.

దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. బోరింగుల సంఖ్యే కొలత అయితే ఆయన మాటే సరి. ఆ రోజు పానా పట్టిన పిల్లల్లో ఇద్దరు తరువాత మిస్త్రీ వెంట తిరిగి పని నేర్చుకుని, ఆ ఏప్రిల్‌లో తమ సొంత ఊరి బోరింగును తామే విప్పారు. ఇద్దరే. మిగిలిన నలభై ఎనిమిది మంది సంగతి నాకు తెలియదు. ఇంకో సందేహం కూడా ఉంది. జాలి స్థానంలో శ్రమ గర్వాన్ని కూర్చోబెడుతున్నానేమో. ఆ సాయంత్రం పిల్లలు పానాలు భుజాన పెట్టుకుని ఫోటోలు తీసుకున్నారు, మిస్త్రీ ఏ ఒక్క ఫోటోలోనూ లేడు. మరునాడు ఆ సంగతి చెప్పినప్పుడు వాళ్లు నిజంగా బాధపడ్డారు, కానీ అప్పటికి ఆయన ఇంకో ఊరికి వెళ్లిపోయాడు.

అప్పు అయితే తీర్చాలి. అందుకని 2025 జనవరి శిబిరానికి కొన్ని మార్పులు చేశాను. పని ఏమిటో ముందే ఊళ్లో ఆడవాళ్లను అడిగి, వారు చెప్పిన ఒక్క పనికే ఏడు రోజులూ ఇచ్చాం. పాత బోరింగు గద్దె పగిలి, చుట్టూ మురుగు నిలిచి, దోమలు ముసురుతున్నాయి. గద్దె తిరిగి కట్టి, నీరు పోయే కాలువ తీసి, చివర ఇంకుడుగుంత తవ్వడం ఆ పని. బృందాలకు పెద్దలుగా ఇంట్లో నీళ్లు మోసే అలవాటున్న పిల్లలనే పెట్టాను. నన్ను ప్రశ్న అడిగిన అమ్మాయి కాలువ బృందానికి పెద్ద. వాలు ఎటు ఉండాలో ఆమె ఒక చెంబు నీళ్లు పారబోసి నిర్ణయించింది.

దినచర్య పుస్తకం చివరి పుటలో "ఏమి నేర్చుకున్నారు" అన్న ప్రశ్నను తీసేసి "ఏ పని మిగిలిపోయింది" అని పెట్టాను. ఈసారి సమాధానాలు ఒకలా లేవు. ఆ అమ్మాయి ఇలా రాసింది: "పడమటి వైపు కాలువ ఆరు అడుగులు మిగిలింది. సిమెంటు రెండు బస్తాలు తక్కువపడింది. గుంత దగ్గర రాళ్లు ఇంకా పరచలేదు. పెద్దవ్వ ఇంటి ముందు బిందె దించుకోవడానికి చిన్న దిమ్మె కడతామని చెప్పాం, కట్టలేదు." సంతకం చేసి, ఫిబ్రవరి రెండో ఆదివారం తేదీ పక్కన రాశాను. ఆ ఆదివారం తొమ్మిది మందిమి వెళ్లాం. ఇసుక ఆలస్యంగా వచ్చినందువల్ల కాలువ, దిమ్మె మాత్రమే అయ్యాయి. రాళ్లు పరచడం ఇంకా ఉంది.